ఇంగ్లండ్ పల్లెటూళ్లో వారం రోజులకు కాటేజీ: పెద్దవాళ్లతో వెళ్తే ఏం చూసుకోవాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు లీడ్స్‌లో ఉంటాడు. వచ్చే వేసవి సెలవుల్లో అమ్మానాన్నల్ని, మా ఆవిడని, పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్దామనుకుంటున్నాం. వాడు, మరదలు, వాళ్ల చంటాడు కలిస్తే తొమ్మిది మందిమి అవుతాం. వాడి ఫ్లాట్‌లో అంతమంది పట్టం. "ఓ వారం లేక్ డిస్ట్రిక్ట్‌లో (కొండలు, చెరువులు ఉన్న ప్రాంతం) పల్లెటూరి కాటేజీ తీసుకుందాం అన్నయ్యా, వంటగది ఉంటుంది, మన వంట మనమే చేసుకోవచ్చు" అంటున్నాడు.

నాన్నకి బీపీ, మోకాళ్ల నొప్పులు. రాత్రి చారన్నం పడకపోతే ఆయనకి నిద్ర పట్టదు. అమ్మ దీపం పెట్టందే కాఫీ ముట్టదు. పిల్లలకి పదకొండు, ఏడు. ఫొటోల్లో చూస్తే అన్ని ఇళ్లూ బాగానే కనిపిస్తున్నాయి. హోటల్ మేలా, ఇల్లు మేలా? ఇల్లయితే ఏం చూసి తీసుకోవాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పలాస జీడిపప్పు (పలాస)

ఆ ఖర్చుతో అరకులో నెల రోజులు ఉండొచ్చు కదండీ. కొండలున్నాయి, మంచుంది, చలుంది. చారన్నం కూడా దొరుకుతుంది.

శ్రీకాకుళం రోడ్ (ఆమదాలవలస, ప్రస్తుతం మాంచెస్టర్)

జీడిపప్పు గారూ, వాళ్ల తమ్ముడు అరకులో లేడు కదా!

గట్టు గారూ, తొమ్మిది మందికి ఇల్లే నయం. హోటల్లో నాలుగైదు గదులు తీసుకుంటే అందరూ కూర్చోవడానికి ఒక్క చోటు ఉండదు. కాటేజీ అంటే పెళ్లివారికి ఇచ్చే విడిది ఇల్లు లాంటిది. గోడలు, మంచాలు, గిన్నెలు వాళ్లవి. మిగతాదంతా మీదే. రోజూ ఊడ్చడానికి ఎవరూ రారు, పొద్దున్నే టిఫిన్ రాదు. చాలా ఇళ్లకి యజమాని కనిపించడు కూడా. తలుపు పక్కన నంబర్ తాళం ఉన్న చిన్న పెట్టెలో తాళంచెవి ఉంటుంది, ఆ నంబర్ ముందు రోజు మెయిల్‌లో వస్తుంది.

అద్దె సాధారణంగా వారం లెక్క, శనివారం నుంచి శనివారం లేదా శుక్రవారం నుంచి శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి లోపలికి, చివరి రోజు పొద్దున్న పదింటికి బయటికి. పెద్దవాళ్లున్నారని పన్నెండింటి దాకా ఉండనివ్వరు, ఆ మధ్య గంటల్లోనే శుభ్రం చేసి తర్వాతి వాళ్లకి అప్పగించాలి. సీజన్ కానప్పుడు మూడు రాత్రులకీ నాలుగు రాత్రులకీ కూడా ఇస్తారు.

నెల గురించి ముందే ఆలోచించుకోండి. ఇక్కడి స్కూళ్ల సెలవులు జులై చివర మొదలై ఆగస్టంతా ఉంటాయి. అప్పుడు అద్దెలు మండిపోతాయి. మన ఆంధ్రా స్కూళ్లకి ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు కదా, అదే మనకి లాభం. మే మొదటి మూడు వారాల్లో ఇక్కడి పిల్లలు బడిలో ఉంటారు, ఇళ్లు ఖాళీగా ఉంటాయి, ధర తక్కువ. మే చివరి సోమవారం బ్యాంక్ హాలిడే. ఆ వారమంతా స్కూళ్లకి మళ్లీ సెలవు, ఆ ఒక్క వారం తప్పించండి. వానలు కూడా లేక్ డిస్ట్రిక్ట్‌లో ఏప్రిల్ నుంచి జూన్ మధ్యే కాస్త తక్కువ. ఇంగ్లండ్‌లో జనం ఉండే చోట్లలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే సీత్‌వెయిట్ అనే ఊరు ఉన్నది అక్కడే. మన జిల్లాలో ఏడాదికి పడే వానకి రెండింతల పైమాటే. కాబట్టి మే నెలైనా సరే రెయిన్ కోట్లు మర్చిపోవద్దు. మధ్యాహ్నం పదిహేను డిగ్రీలు ఉంటే అక్కడ ఎండ కాసినట్టే. సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక అస్తమిస్తాడు, పిల్లల్ని పడుకోబెట్టడం మీ ఓపిక.

ఇక నాన్నగారి కోసం ఫొటోలు కాదు, ఇంటి ప్లాన్ చూడండి. కింద పడకగది ఉందా, కిందే స్నానాల గది ఉందా అన్నది మొదటి ప్రశ్న. పాత ఇళ్లలో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. రెండోది, స్నానం టబ్బులోనా, నేల మట్టంలో షవరా? మోకాళ్ల నొప్పులతో టబ్బు గట్టు దాటడం కష్టం. ఇక్కడి బాత్రూముల్లో నేల మీద నీళ్లు పోయే తూము ఉండదని పెద్దవాళ్లకి ముందే చెప్పండి. బకెట్ పెట్టుకుని చెంబుతో పోసుకుంటే కింద గది కప్పులోంచి కారుతుంది. టాయిలెట్‌లో కాగితం తప్ప ఏమీ ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పడేయండి.

కోటబొమ్మాళి కోడలు (ప్రస్తుతం బర్మింగ్‌హామ్)

అన్నయ్యా, మన వంట మనమే చేసుకోవచ్చని రాశారు. ఎవరు చేస్తారో రాయలేదు.

మేమూ వేల్స్‌లో ఇలాగే ఇల్లు తీసుకున్నాం. చుట్టూ పచ్చటి కొండలు, గొర్రెలు, వాగు. మగవాళ్లు, పిల్లలు స్నోడన్ కొండకి రైలెక్కి వెళ్లొచ్చారు. అత్తయ్యా నేనూ పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, కూర, సాయంత్రం పకోడీలు, రాత్రి మళ్లీ అన్నం. మిక్సీ లేదు, మన గరిటెలు లేవు, ఏ గిన్నె ఎక్కడుందో తెలీదు. ఇంట్లో కన్నా రెట్టింపు పని. వంటగది కిటికీలోంచి కనిపించింది పక్కింటి షెడ్డు గోడ. ఫొటోల్లో నేనున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇల్లు వద్దనను. తొమ్మిది మందితో హోటల్ నరకం, అది నిజమే. కానీ బుక్ చేసే ముందే వంట ఎవరి వంతో, ఏ పూట బయట తింటారో మాట్లాడుకోండి. అంట్లు తోమే మెషిన్ లేని ఇల్లు మాత్రం చూడకండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

కోడలు గారూ, మా అమ్మకి వంట చేయడమంటే ఇష్టమేనండీ.

కోటబొమ్మాళి కోడలు

అందరి అమ్మలకీ ఇష్టమేనండీ. ఆవిణ్ణి అడిగారా?

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

😀 బొమ్మతో సరిపెడదామనుకున్నాను గానీ కోడలమ్మ మాటకి ఓటు కూడా వేస్తున్నా.

కంటోన్మెంట్ మాస్టారు (విజయనగరం)

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి వెళ్లి అలాంటి ఇళ్లలో ఉండి వచ్చాం. ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి పొయ్యి గురించే చెప్తాను, మిగతావి మీరు చూసుకోండి.

కరెంటు విషయంలో టెన్షన్ వద్దు. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. మన మిక్సీ నిక్షేపంగా తిరుగుతుంది. (అమెరికా వెళ్లేవాళ్లు ఈ మాట నమ్మి మిక్సీ పట్టుకెళ్లకండి, అక్కడ 120 వోల్టులు.) ప్లగ్గు మాత్రం వేరు. మూడు బల్లపరుపు పిన్నులు, లోపల ఫ్యూజు ఉంటుంది. తగిన అడాప్టర్ కొనుక్కోవాలి.

పొయ్యి ఏ రకమో ముందే కనుక్కోండి. గ్యాసయితే మనకి అలవాటే. గాజు పలకలాగా ఉండేవి రెండు రకాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి మామూలు హీటర్ మీద గాజు, దాని మీద అడుగు సమంగా ఉన్న ఏ గిన్నైనా పనిచేస్తుంది. రెండోది ఇండక్షన్. దాని మీద అల్యూమినియం కుక్కర్ పెడితే చల్లగా కూర్చుంటుంది. అయస్కాంతం తీసుకుని గిన్నె అడుగున పెట్టండి, గట్టిగా అంటుకుంటే పనిచేస్తుంది, లేకపోతే లేదు. గుండ్రటి అడుగు మూకుడు రెండిటి మీదా దండగే. అయినా మీ తమ్ముడి ఇంట్లో కుక్కర్, మిక్సీ ఉండే ఉంటాయి. లీడ్స్ నుంచి కార్లో వేసుకుపోతే పోయేదానికి శ్రీకాకుళం నుంచి మోయడం ఎందుకు?

పోపు. అదీ అసలు సమస్య. ఎండుమిర్చి నూనెలో పడగానే హాల్లో ఉన్న స్మోక్ అలారం ఊరంతా వినబడేలా మోగుతుంది. వంటగదిలో సాధారణంగా వేడికి స్పందించే అలారం పెడతారు, అది పోపుకి మోగదు. పొగకి మోగేది హాల్లోది. కాబట్టి వంటగది తలుపు వేసి, పైన ఫ్యాన్ ముందే ఆన్ చేసి, కిటికీ తెరిచి అప్పుడు పోపు వేయాలి. అలారానికి ప్లాస్టిక్ కవర్ చుట్టే తెలివి మాత్రం ఎవరూ చూపించొద్దు. కట్టెల స్టవ్ ఉన్న ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉంటుంది. ఆ గ్యాసుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్నీ ముట్టుకోకూడదు.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

మాస్టారు పొగ గురించి చెప్పారు, నేను పసుపు గురించి చెప్తాను. తెల్లటి వంటగది గట్టు మీద పసుపు మరక పడితే మా చెల్లెలి దగ్గర ఓ ఇంటావిడ డిపాజిట్‌లోంచి డబ్బు కోసేసింది. ఎంత తుడిచినా పోలేదట. తెల్ల తువ్వాళ్లతో చేతులు తుడుచుకున్నా అంతే. రెండు ముదురు రంగు గుడ్డలు, ఒక పాత టవల్ పట్టుకెళ్తే గొడవ ఉండదు. నూనె సింకులో పోయకండి. చాలా పల్లెటూరి ఇళ్లకి మున్సిపాలిటీ డ్రైనేజీ ఉండదు, సొంత సెప్టిక్ ట్యాంకులే. వేయించగా మిగిలిన నూనె డబ్బాలో పోసి చెత్తలో వేయాలి. చంటాణ్ణి తుడిచే తడి కాగితాలు (వెట్ వైప్స్) కూడా టాయిలెట్‌లో వేయకూడదు.

వంశధార (నరసన్నపేట)

వీణ గారు డిపాజిట్ మాట ఎత్తారు కాబట్టి డబ్బు, వీసా లెక్క చెప్తాను. నేను చూసే ఉద్యోగమే అది.

విజిటర్ వీసా ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయడానికి వీలవుతుంది. నిర్ణయం మామూలుగా మూడు వారాల్లో వస్తుంది. కాటేజీ వాళ్లేమో కొంత అడ్వాన్సు తీసుకుని, మిగతాది ఎనిమిది వారాల ముందు కట్టమంటారు. అంటే మూడు నెలలు పడిన మొదటి రోజుల్లోనే వీసా కాగితాలు పెట్టేస్తే, మిగతా డబ్బు కట్టే గడువుకి ముందే పాస్‌పోర్టు చేతికి రావచ్చు. నిదానంగా పెడితే వీసా తేలకుండానే పూర్తి డబ్బు కట్టాల్సి వస్తుంది. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారో ఆ నిబంధన అడ్వాన్సు కట్టే ముందే చదవండి. వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 127 పౌండ్లు ఉండేది, పిల్లలకీ అంతే. ఆ లెక్కన మీ ఆరుగురికి 762. తర్వాత పెరిగిందేమో ప్రభుత్వ సైట్‌లో చూసి కట్టండి. ఏజెంటు చెప్పిన అంకె మీద ఆధారపడకండి.

ఇల్లు నిజంగా ఉందో లేదో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. తక్కువ ధర చూపించి, సైట్ బయట నేరుగా బ్యాంకు ఖాతాలోకి పంపమంటే అక్కడే ఆగిపోండి. ఫొటోని గూగుల్‌లో వెతికితే అదే ఇల్లు వేరే పేరుతో వేరే దేశంలో కనిపించిన సందర్భాలున్నాయి. స్కాట్లండ్ వైపు చూసేవాళ్లకి ఒక సుళువుంది. అక్కడ 2023 అక్టోబర్ 1 నుంచి ఇలా రోజుల లెక్కన ఇల్లు ఇచ్చేవాళ్లందరికీ లైసెన్స్ తప్పనిసరి, ప్రకటనలో ఆ నంబర్ ఉండాలి. కార్డుతో కడితే మన బ్యాంకు విదేశీ లావాదేవీకి 2 నుంచి 3.5 శాతం దాకా వేస్తుంది, దాని మీద జీఎస్టీ. తమ్ముడు అక్కడి కార్డుతో కట్టి మీరు తర్వాత సర్దుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది.

నాన్నగారి బీపీ ఇన్సూరెన్స్ ఫారంలో దాచకుండా రాయండి. ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకూ ఉచితమే గానీ, ఆస్పత్రిలో చేర్చుకుంటే విదేశీ విజిటర్ల దగ్గర మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. మందులు, చీటీ చేతి సంచిలో ఉండాలి.

పలాస జీడిపప్పు (పలాస)

సరే, అరకు వదిలేశాను. మా జీడిపప్పు పట్టుకెళ్లొచ్చా?

శ్రీకాకుళం రోడ్ (మాంచెస్టర్)

నిరభ్యంతరంగా! పప్పులు, పొడులు, ఆవకాయ, చోడిపిండి, ఇంగువ అన్నీ తెచ్చుకోవచ్చు. మన దేశం నుంచి మాంసం, పాలతో చేసినవి మాత్రం తేకూడదు. అంటే నెయ్యి సీసా, కోవా స్వీట్లు ఇంటి దగ్గరే వదిలేయాలి. ఇక్కడ ఉప్పు లేని వెన్న కొని పొయ్యి మీద కాస్తే అరగంటలో కమ్మటి నెయ్యి. పాలు, పెరుగు కూడా బాగుంటాయి.

బియ్యం, పప్పులు లీడ్స్‌లోనే కొనుక్కుని బయల్దేరండి. సోనా మసూరి అక్కడి మన షాపుల్లో దొరుకుతుంది, లేక్ డిస్ట్రిక్ట్ పల్లెల్లో వెతుక్కోవాలి. కూరగాయలు, పాలు సూపర్ మార్కెట్‌లో ఆన్‌లైన్ ఆర్డర్ పెడితే కాటేజీకే తెచ్చిస్తారు, పోస్ట్ కోడ్‌తో ముందు చూసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి. ఇంగ్లండ్‌లో పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలే తెరుస్తారు. శనివారం రాత్రి చేరి ఆదివారం సాయంత్రం తీరిగ్గా సరుకులకి వెళ్దామంటే షట్టర్ దింపి ఉంటుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఇంత ఓపిగ్గా చెప్తున్నందుకు చాలా థాంక్స్. తమ్ముడు ఒక ఇల్లు పంపాడు. వాడికి తెగ నచ్చింది. వివరాలు రాస్తున్నా, మీరే చెప్పండి.

ఎస్క్‌డేల్ అనే లోయలో మూడొందల ఏళ్లనాటి రైతు ఇల్లు. ఎనిమిది మందికి, అదనంగా చంటిపిల్లలకి ఒక ఊయల మంచం. పడకగదులు నాలుగూ పైనే, కింద టాయిలెట్ ఒకటి. దూలాలు కనిపిస్తూ ఉంటాయి. వంటగదిలో ఆగా పొయ్యి. రెండు కుక్కల దాకా తెచ్చుకోనిస్తారు. మొబైల్ సిగ్నల్ లేదు, వైఫై ఉంది. నీళ్లు కొండ ఊట నుంచి. శుక్రవారం నుంచి శుక్రవారం.

రాజాం స్టీరింగ్ (రాజాం)

ఎస్క్‌డేలా! బాబూ, లీడ్స్ నుంచి వస్తూ మ్యాప్ పెట్టుకుంటే దగ్గర దారని ఆంబుల్‌సైడ్ మీదుగా రైనోస్, హార్డ్‌నాట్ కనుమలు ఎక్కిస్తుంది. హార్డ్‌నాట్‌లో ఒకచోట మూడడుగులకి ఒక అడుగు ఎత్తు. ఒక్క కారు పట్టే రోడ్డు, హెయిర్‌పిన్ మలుపులు, పక్కన గోడ ఉండదు. నేను అనంతగిరి ఘాట్‌లో లారీల మధ్య కారు నడిపినవాణ్ణి, అక్కడ మాత్రం అరచేతులు తడిశాయి. వెనక సీట్లో మీ నాన్నగారి బీపీ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. సముద్రం వైపు నుంచి చుట్టి వెళ్లే మంచి రోడ్డుంది గానీ రోజూ ఎక్కడికి బయల్దేరినా ఆ చుట్టు తప్పదు.

మామూలు డ్రైవింగ్‌కి భయం లేదు. మనలాగే ఎడమ వైపు. మన లైసెన్సుతో విజిటర్లు 12 నెలల దాకా నడపొచ్చు. అద్దె కారు వాళ్లు అసలు కార్డు చూపించమంటారు, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉంటే వాదన ఉండదు. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. ఇరుకు రోడ్లలో ఎదురుగా బండి వస్తే పక్కకి ఆగడానికి కాస్త వెడల్పు చోట్లు ఉంటాయి, ఎవరికి దగ్గరైతే వాళ్లు ఆగాలి. హారన్ కొట్టకండి. ఆగినవాళ్లకి చెయ్యి ఊపాలి, అది అక్కడి మర్యాద. ఇంకోటి, పన్నెండేళ్లు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా, పిల్లలకి కారు సీటు చట్టం. మీ పెద్ద పిల్లని గోడకి నిలబెట్టి కొలవండి.

కంటోన్మెంట్ మాస్టారు (విజయనగరం)

ఆగా పొయ్యి అంటే పోత ఇనుముతో చేసిన పెద్ద బీరువా లాంటిది. రోజంతా వేడిగానే ఉంటుంది, మంట పెంచడం, తగ్గించడం ఉండదు. ఒక పలక బాగా వేడి, ఇంకోటి సన్న సెగ, కింద అరల్లో రొట్టెలు. దాన్ని కనిపెట్టింది గుస్తాఫ్ డాలెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త. లైట్‌హౌస్‌ల పనికి 1912లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, ఆ ఏడాదే ప్రయోగంలో పేలుడు జరిగి చూపు పోయింది. ఇంటిపట్టున ఉండి 1922లో ఈ పొయ్యి తయారు చేశాడు. ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, దాని మీద కుక్కర్ మూడు విజిల్స్ కోసం మీ అమ్మగారు పడే పాట్లు తలుచుకుంటే వద్దనే అంటాను. పక్కన మామూలు స్టవ్ కూడా ఉందేమో కనుక్కోండి, కొన్ని ఇళ్లలో పెడతారు.

శ్రీకాకుళం రోడ్ (మాంచెస్టర్)

పడకగదులన్నీ పైన అన్నప్పుడే నా వైపు నుంచి ఆ ఇల్లు రద్దు. నాన్నగారు రాత్రి లేచి ఆ చెక్క మెట్లు దిగాలా? ఊట నీళ్లు భయపడేదేం కాదు, మామూలుగా ఫిల్టర్, క్రిముల్ని చంపే యూవీ దీపం పెడతారు, పరీక్ష చేయించారా అని అడిగితే చాలు. సిగ్నల్ లేకపోయినా వైఫై మీద కాల్స్ వెళ్తాయి. ఫోన్‌లో ఆ సెట్టింగు ఆన్ చేసుకోండి. ఎనిమిది మందంటే పిల్లలతో కలిపే ఎనిమిది, తొమ్మిదో ప్రాణి ఊయల మంచంలోనే పడుకోవాలి. ఎవరో ఒకరం కింద పక్క పరుచుకుంటాం అంటే ఒప్పుకోరు, వాళ్ల ఇన్సూరెన్స్ ఒప్పుకోదు.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

కుక్కల్ని రానిచ్చే ఇంట్లో సోఫా మీద వెంట్రుకలు ఉండొచ్చు. పూజ చేసుకునే అమ్మగారికి అది నచ్చుతుందా? కుక్కలు వద్దన్న ఇళ్లు విడిగా వెతకడానికి చాలా సైట్లలో వీలుంది.

పలాస జీడిపప్పు (పలాస)

పాపం తమ్ముడు. ఒక్క దూలం కూడా మిగల్చలేదు మీరు.

కోటబొమ్మాళి కోడలు

గట్టు అన్నయ్యా, నా ప్రశ్నకి జవాబు రాలేదు. మర్చిపోలేదు నేను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అడిగానమ్మా. "పొద్దున్న కాఫీ, ఉప్మా నేను చేస్తాను. మధ్యాహ్నం మీరు ఎక్కడ తింటే నాకూ అదే. రాత్రి నీ తమ్ముడు చేస్తాడు, అక్కడ వాడే చేస్తున్నాడుగా" అంది. నాన్న అది విని పేపర్ పక్కన పెట్టారు. మా ఆవిడ నవ్వింది. నాకు అంట్లు పడ్డాయి, అంటే మెషిన్‌లో సర్దడం.

కోటబొమ్మాళి కోడలు

అమ్మగారికి నా నమస్కారాలు. మధ్యాహ్నానికి పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే చెరువు ఒడ్డున తినొచ్చు. అక్కడి చిన్న హోటళ్లలో మాంసం లేనిది కావాలంటే తొక్కతో కాల్చిన పెద్ద బంగాళాదుంప, మీద చీజో బీన్సో వేసి ఇస్తారు. ఒకటి రెండు సార్లు బాగానే ఉంటుంది. ఆవకాయ చిన్న సీసాలో బ్యాగులో ఉంచుకోండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

కొత్త ఇల్లు చూశాం. కెస్విక్ ఊరికి దగ్గరలో, పాత గొడ్లశాలని ఇల్లుగా మార్చారు. రెండు పడకగదులు కిందే, ఒకదానికి నేల మట్టంలో షవర్. ఇండక్షన్ స్టవ్, అంట్ల మెషిన్. కుక్కలకి ప్రవేశం లేదు. మే రెండో శనివారం నుంచి ఖాళీ. ఫొటోలో దూలాలు లేవు, తమ్ముడికి కొంచెం బాధగా ఉంది. అమ్మ దీపం సంగతే తేలలేదు. నియమాల్లో కొవ్వొత్తులు, అగరొత్తులు వెలిగించకూడదని ఉంది.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

యజమానికి మెయిల్ పెట్టండి, కొంతమంది వంటగది గట్టు మీద పది నిమిషాలు మనిషి దగ్గరుండి వెలిగిస్తామంటే సరేనంటారు. వద్దంటే బ్యాటరీ దీపమే. అమ్మగారు ఒప్పుకోకపోతే బయట వరండాలో గాలి తగలకుండా పెట్టుకుంటామని అడగండి. చెప్పకుండా మాత్రం వెలిగించొద్దు, అలారం మోగితే దీపం ఆర్పి అక్షింతలు మీరు తినాలి.

శ్రీకాకుళం రోడ్ (మాంచెస్టర్)

మంచి ఎంపిక. కెస్విక్‌కి రైలు లేదు గానీ 555 నంబర్ బస్సు ఉంది, గ్రాస్‌మియర్, ఆంబుల్‌సైడ్, విండర్‌మియర్ మీదుగా పోతుంది. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద చెరువు విండర్‌మియర్. కారు తీయబుద్ధి కాని రోజు అమ్మానాన్నల్ని దాంట్లో ఎక్కించండి. కొండలు చూస్తూ కూర్చోవచ్చు, నడక ఉండదు. మే నెలలో గొర్రెపిల్లలు ఉంటాయి. అక్కడి హెర్డ్‌విక్ జాతి పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉండి పెరిగేకొద్దీ బూడిద రంగుకి తిరుగుతాయి. పిల్లలు వాటి వెంట పరిగెత్తకూడదు. పొలాల్లోంచి నడిచే దారి అందరిదీ, కానీ గేటు మూసి ఉంటే మూసి వెళ్లాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి.

వంశధార (నరసన్నపేట)

మే రెండో శనివారం అంటే ఫిబ్రవరి రెండో వారంలో వీసా ఫారాలు పెట్టేయండి. మార్చి రెండో వారానికల్లా మిగతా డబ్బు కట్టమంటారు. తమ్ముడి ఆహ్వాన లేఖతో పాటు ఈ కాటేజీ బుకింగ్ కాగితం కూడా జత చేయండి. ఎక్కడ ఉంటారో అన్న ప్రశ్నకి అదే జవాబు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అడ్వాన్సు కట్టేశాడు తమ్ముడు. వాడి కారు ఒకటి, అద్దె కారు ఒకటి. వాడే రెండూ మార్చి మార్చి నడుపుతాడట.

రాజాం స్టీరింగ్ (రాజాం)

ఒకేసారి రెండు కార్లు ఎలా నడుపుతాడు బాబూ? అద్దె కారు కాగితంలో మీ పేరు, వాడి పేరు రెండూ రాయించండి. పేరు లేనివాడు నడిపి గుద్దితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. తమ్ముడి సొంత కారుకీ అంతే, మీ పేరు చేర్చకుండా స్టీరింగ్ ముట్టుకోకండి. కారు తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా గీతలన్నీ వీడియో తీయండి. రాత్రంతా విమానంలో వచ్చి దిగిన రోజే నడపొద్దు, ఆ రాత్రి లీడ్స్‌లో పడుకోండి.